హెచ్‌ఎం గది దాటితేనే బడి మారుతుంది

ఒకే మండలం, ఒకే సిలబస్, ఒకే డీఎస్సీలో వచ్చిన టీచర్లు. అయినా ఒక ఊరి జడ్పీ హైస్కూల్లో సీటు కోసం సిఫార్సులు పట్టుకొస్తారు, పక్క ఊరి హైస్కూల్లో బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఈ తేడాకు కారణాలు వెతికితే ముందుగా చూడాల్సింది ప్రధానోపాధ్యాయుల వైపే. మన సర్కారు ఉన్నత పాఠశాలల్లో ఆ నాయకత్వం ఎలా ఉంది? ఎలా ఉండాలి?

సిద్దిపేటలోని ఇందిరానగర్ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో కొన్నేళ్ల కిందట సీట్లు లేవని బోర్డు పెట్టారు. నెల్లూరులో కేఎన్‌ఆర్ నగరపాలక ఉన్నత పాఠశాలలోనూ అదే జరిగింది. వీధి చివర ప్రైవేటు స్కూలు బస్సు హారన్ కొడుతుంటే సర్కారు బడి మొహం చూసేదెవరని నిట్టూర్చే రోజుల్లో ఆ బోర్డులు పత్రికలకెక్కాయి. ఇలాంటి చోట్ల కలిసొచ్చేవి చాలా ఉంటాయి. భవనాలు, దాతలు, ప్రజాప్రతినిధుల శ్రద్ధ, టీచర్ల కష్టం... అన్నీ కావాలి. కానీ వాటన్నిటినీ ఒక్కతాటి మీదికి తెచ్చి, ఇక్కడ చేర్పిస్తే మా పిల్లకు చదువొస్తుందన్న నమ్మకం తల్లిదండ్రుల్లో కలిగించే పనిని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి. చాలాచోట్ల ఆ ఒకరు హెచ్‌ఎమ్మే.

బడుల రూపురేఖల మీద రెండు రాష్ట్రాలూ ఈ మధ్యకాలంలో బాగానే ఖర్చు పెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో ‘నాడు-నేడు’ 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైంది. తొలి విడతకు 15,715 బడులను ఎంచుకున్నారు. తెలంగాణలో ‘మన ఊరు - మన బడి’ 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైంది. కారే పైకప్పు కింద, తలుపుల్లేని మరుగుదొడ్లతో ఏళ్లు నెట్టుకొచ్చిన పిల్లలకు అవి దక్కాల్సినవే, ఇంకా దక్కాల్సినవి ఉన్నాయి. అయితే కొత్త రంగు వేసిన ఆ గదిలో రేపు పొద్దున రెండో పీరియడ్‌లో పిల్లలు ఏం నేర్చుకుంటారో టెండర్లు తేల్చలేవు. అది ఆ బడి నాయకత్వం తేల్చాల్సిన విషయం.

ఒక టీచరు సెలవు పెడితే...

నాయకత్వ శైలి అంటే ఏదో పెద్ద సంగతిలా వినిపిస్తుంది. అది బయటపడేది మాత్రం చాలా చిన్న సందర్భాల్లో. ఏ హైస్కూల్లోనైనా తరచూ ఎదురయ్యేదే ఒకటి చూద్దాం. ప్రేయర్ బెల్‌కు పావుగంట ముందు ఫిజికల్ సైన్స్ సార్ నుంచి వాట్సప్‌లో మెసేజ్ వస్తుంది. జ్వరం, ఇవాళ సీఎల్. ఇంగ్లిష్ మేడం అప్పటికే ట్రైనింగ్‌కు ఓడీ మీద వెళ్లి ఉన్నారు. ఆరు నుంచి పది దాకా అయిదు తరగతులు, రెండేసి సెక్షన్లు. ఇద్దరి పీరియడ్లూ కలిపితే రోజుకు పది దాకా ఖాళీ. ఏం చేయాలి?

మొదటి హెచ్‌ఎం అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్ తెరిచి, ఎవరికి లీజర్ ఉంటే వాళ్ల పేర్లు చకచకా రాసేసి సంతకాలకు అటెండర్‌తో పంపిస్తారు. పెట్టనంటే మెమో. పీరియడ్లన్నీ నిండుతాయి. సోషల్ సార్ వెళ్లి సైన్స్ క్లాసులో కుర్చీలో కూర్చుంటారు, పిల్లలు పుస్తకం చూసి రాసుకుంటారు. వరండాలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. దారిన పోయేవాళ్లు ‘ఆహా, ఏం క్రమశిక్షణ!’ అనుకుంటారు.

రెండో హెచ్‌ఎం ఎవరినీ నొప్పించలేరు. లీజర్ పోతే సీనియర్లు అలుగుతారు, జూనియర్లు సంఘం నాయకుడికి చెబుతారు. అందుకని పీఈటీని పిలిచి, ‘సార్, ఆ రెండు సెక్షన్లూ కలిపి గ్రౌండ్‌లోకి తీసుకెళ్లండి’ అంటారు. పిల్లలకు సరదాయే. ఏడాది మొత్తం మీద ఎన్ని పీరియడ్లు అలా గాల్లో కలిశాయో లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

మూడో హెచ్‌ఎంకు ఈ సంగతి వెంటనే తెలియనే తెలియదు. ట్రెజరీ నుంచి బిల్లు అభ్యంతరంతో వెనక్కొచ్చింది. ఎంఈఓ ఆఫీసు అడిగిన వివరాలు పదకొండులోపు వెళ్లాలి. యాప్‌లో ఫొటో ఎక్కడం లేదు. తొమ్మిదో తరగతి గోల ఆఫీసు గది దాకా వినిపించాక, వెళ్లి చూసి రమ్మని అటెండర్‌ను పంపుతారు.

నాలుగో హెచ్‌ఎం ఈ రోజు కోసం జూన్‌లోనే ఏర్పాటు చేసుకున్నారు. స్టాఫ్ మీటింగ్‌లో అందరూ కూర్చుని ఒప్పుకున్న పద్ధతి ఒకటి ఉంది. సెలవు పెట్టే టీచరు ఆ రోజు పిల్లలతో చేయించాల్సిన పని రాసిపెట్టాలి, వీలుకాకపోతే ఫోన్లో చెప్పాలి. ఎవరి లీజర్ ఎన్నిసార్లు పోయిందో స్టాఫ్‌రూమ్ గోడ మీద చార్టులో కనిపించాలి, నెలాఖరుకు భారం అందరికీ సమానం కావాలి. మొదటి ఖాళీ పీరియడ్ మాత్రం ఎప్పుడూ హెచ్‌ఎందే. ఆ హెచ్‌ఎం మేడం సుద్దముక్క తీసుకుని పదో తరగతికి వెళ్లిపోతారు. మెమోలు ఉండవు, బతిమాలుకోవడాలు ఉండవు.

నలుగురి ముందూ ఉన్నది ఒకే సమస్య, ఒకే రిజిస్టర్. పిల్లలకు ఆ రోజు దక్కిన చదువు మాత్రం నాలుగు రకాలు.

పెద్దసారు ఊళ్లో లేని రోజు

ఈ తేడాలను ప్రయోగం చేసి చూసిన తొలి తరం పరిశోధకుల్లో కర్ట్ లెవిన్ ఒకరు. రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్‌లతో కలిసి ఆయన చేసిన అధ్యయనం 1939లో వెలువడింది. అమెరికాలో పదేళ్ల వయసు మగపిల్లలను చిన్నచిన్న బృందాలుగా చేసి, మాస్కుల తయారీ లాంటి పనులు అప్పగించి, పెద్దల తీరు మార్చి మార్చి చూశారు. ఒకచోట పెద్దాయన ఆజ్ఞలు జారీ చేస్తారు. ఒకచోట పిల్లలతో చర్చించి నిర్ణయిస్తారు. ఇంకోచోట మీ ఇష్టమని వదిలేస్తారు. ఆజ్ఞలతో నడిచిన బృందం పెద్దాయన ఎదురుగా ఉన్నంతసేపూ బాగానే పనిచేసింది, ఆయన గది దాటగానే పని పడకేసింది. చర్చించి నడిచిన బృందం ఆయన లేనప్పుడూ పని ఆపలేదు. వదిలేసిన బృందం చేసిన పని అంతంత మాత్రమే.

డీఈఓ ఆఫీసు మీటింగ్‌కు హెచ్‌ఎం వెళ్లిన రోజున మన బడులను చూస్తే ఇదే కనిపిస్తుంది. కొన్నిచోట్ల మధ్యాహ్నం మూడింటికే సగం స్టాఫ్ బస్టాండులో ఉంటారు. కొన్నిచోట్ల ఆ రోజు కూడా లాంగ్‌బెల్ దాకా పాఠాలు నడుస్తాయి. ఒక హెచ్‌ఎం నాయకత్వం ఎలాంటిదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు తోచదు.

కఠినమైన హెడ్మాస్టరు మీద మన ఊళ్లలో గౌరవం ఇంకా చెక్కుచెదరలేదు. బెత్తం పట్టుకుని వరండాలో నడిచే పెద్దసారును తలచుకుని, ఆ రోజులే వేరని మురిసిపోయే పూర్వ విద్యార్థులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ దెబ్బలకు భయపడి బడి మానేసిన పిల్లలు మాత్రం పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకు రారు, వాళ్ల మాట మనకు వినిపించదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. భయంతో నడిపే బడికి ఇప్పుడు చట్టంలోనూ చోటు లేదు.

అలాగని హెచ్‌ఎం ఎప్పుడూ మీటింగులు పెట్టుకుంటూ కూర్చోవాలనీ అర్థం కాదు. మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలకు వాంతులవుతుంటే ఆ క్షణంలో ఆజ్ఞలే కావాలి. వంట ఆపాలి, 108కు ఫోన్ చేయాలి, అన్నం, కూర నమూనా తీసి ఉంచాలి. ఒక ఆడపిల్ల వచ్చి తనను ఎవరో వేధిస్తున్నారని చెబితే, ఊరి పెద్దల ముందు సర్దుబాటు చేయడానికి హెచ్‌ఎంకు హక్కు లేదు. పోక్సో చట్టం 2012 ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. అక్కడ మెతకదనం నేరం. మామూలు రోజుల్లోనూ మనిషిని బట్టి తీరు మారాలని పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969 నుంచీ చెప్పుకొచ్చారు. నిన్నగాక మొన్న డీఎస్సీలో వచ్చిన టీచరుకు దగ్గరుండి చెప్పాలి. పాతికేళ్లు పాఠం చెప్పిన తెలుగు పండితుణ్ని నమ్మి వదిలేయాలి. ఎవరికి ఏది అవసరమో తెలియాలంటే వాళ్ల పాఠం విని ఉండాలి.

ఉత్సాహపరిచే మాట చాలదు

1978లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ నాయకులను రెండు రకాలుగా చూశారు. ఒకరు ఇచ్చిపుచ్చుకునే లెక్క మీద నడిపిస్తారు. నువ్వు రికార్డులు సరిగ్గా పెట్టు, నీ సెలవు సంగతి నేను చూసుకుంటాననే రకం. రెండోవారు మనుషుల ఆశయాన్నే పైకెత్తుతారు. ఈ ఆలోచనను బెర్నార్డ్ బాస్ 1985లో ఇంకా విస్తరించారు. అప్పటి నుంచీ ప్రధానోపాధ్యాయుల శిక్షణల్లో పరివర్తన తెచ్చే నాయకత్వం అన్న మాట మోగిపోతోంది. దూరదృష్టి, ప్రేరణ, ఆదర్శం... వినడానికి బాగుంటాయి.

పిల్లలకు చదువు రావడానికి అంతమాత్రం చాలుతుందా? కెనడా విద్యావేత్త కెనెత్ లీత్‌వుడ్, ఆయన సహచరులు 2004లో తేల్చినదాని ప్రకారం, బడికి సంబంధించిన అంశాల్లో పిల్లల చదువు మీద ఎక్కువ ప్రభావం చూపేది తరగతి గది బోధన. దాని తర్వాతి స్థానం నాయకత్వానిది. న్యూజిలాండ్‌కు చెందిన వివియన్ రాబిన్సన్ బృందం 2008లో ఇరవైకి పైగా అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి, ఎలాంటి నాయకత్వానికి ఎంత ప్రభావం ఉందో లెక్కగట్టింది. బోధన మీద దృష్టి పెట్టిన నాయకత్వం, ఉత్సాహపరిచే నాయకత్వం కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ ప్రభావం చూపింది. అందులోనూ అన్నిటికంటే ముందు నిలిచిన పని ఒకటుంది. హెచ్‌ఎం టీచర్ల వృత్తిపరమైన నేర్పును పెంచడం, ఆ నేర్చుకోవడంలో తాను కూడా పాల్గొనడం. దీని ప్రభావం ఆ తర్వాతి స్థానంలో ఉన్నవాటికి దాదాపు రెట్టింపు.

ఈ మాట మన హైస్కూళ్లకు బాగా పనికొస్తుంది. టీచర్లకు ట్రైనింగ్ ఇప్పించడంతో హెచ్‌ఎం పని అయిపోదు. తానూ పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

వెనక బెంచీలో హెచ్‌ఎం

తరగతి పరిశీలన మన బడులకు కొత్తేమీ కాదు. హెచ్‌ఎం పాఠాలు పరిశీలించి, రిజిస్టర్‌లో వ్యాఖ్య రాయాలన్నది ఎప్పటి నుంచో ఉన్న నియమమే. ఆ రిజిస్టర్ తెరిస్తే ఎక్కువగా కనిపించేది ఒకే వాక్యం: ‘బోధన సంతృప్తికరం. బోధనోపకరణాలు వాడవలెను.’ ఆ వ్యాఖ్య చదివి బోధన మార్చుకునే టీచరు ఉండరు.

అదే పని మనసు పెట్టి చేస్తే ఎలా ఉంటుందో చూడండి. ఎనిమిదో తరగతిలో సమీకరణాల పాఠం. లెక్కల మేడం బోర్డు మీద లెక్క చేసి, ‘ఇటున్న ప్లస్ అటు పోతే మైనస్’ అని చెప్పారు. పిల్లలంతా ఒక్క గొంతుతో పలికారు. వెనక బెంచీలో కూర్చున్న హెచ్‌ఎం సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

‘మేడం, నేను బయాలజీ వాణ్ని. నా పక్కన కూర్చున్న అబ్బాయికి వచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. అటు పోతే గుర్తు ఎందుకు మారుతుంది?’

‘అదంతా చెబుతూ కూర్చుంటే సిలబస్ అవదు సార్. యూనిట్ టెస్ట్ దగ్గర పడింది.’

‘నిజమే. మరి వాడు మైనస్ వేయాల్సినచోట ప్లస్ వేసి, రెండు లెక్కలు తప్పు చేశాడు. రూల్ నోటికొచ్చింది, లెక్క రాలేదు. రేపు నా పీరియడ్ మీరు తీసుకుని త్రాసుతో ఒకసారి చెప్పి చూస్తారా? రెండు పళ్లాల్లోంచీ సమానంగా తీస్తే ఏమవుతుందో వాళ్లనే చెప్పమందాం. నేనూ కూర్చుని నేర్చుకుంటాను.’

ఇందులో తప్పుపట్టడం లేదు, పొగడ్త లేదు. తప్పు చేసిన ఒక పిల్లవాడి నోట్‌బుక్ ఉంది. హెచ్‌ఎం తనకు తెలియని విషయం తెలియదని ఒప్పుకున్నారు. అడిగినది ఒక్క మార్పు, దానికి కావాల్సిన సమయం తన పీరియడ్‌లోంచే ఇచ్చారు. ఆ మేడం మర్నాడు త్రాసు తెస్తారా లేదా అన్నది ఆమె ఇష్టం. నెలకు రెండు మూడుసార్లు ఇలాంటి సంభాషణ జరిగే స్టాఫ్‌రూమ్‌లో డీఏ బకాయిలతో పాటు పిల్లల తప్పుల గురించీ మాటలు నడుస్తాయి. ఒకరి క్లాసు మరొకరు చూడటం అవమానంగా అనిపించదు. నాయకత్వం ఒక్క కుర్చీలో పోగుపడకుండా లెక్కల మేడానికీ, తెలుగు సార్‌కూ, పీడీకీ చేరుతుంది.

కాగితం మీద మారిన బడులు

మంచి హెచ్‌ఎంలు కావాలని ప్రభుత్వాలు అనుకున్నప్పుడల్లా వాటికి తోచే పని కొత్త ఫార్మాట్. మధ్యప్రదేశ్ అనుభవం దీనికి పెద్ద పాఠం. అక్కడ ఎంపిక చేసిన 1,774 బడుల్లో యాజమాన్య తీరు మెరుగుపరచడానికి ఒక కార్యక్రమం అమలు చేశారు. బడిని అన్ని కోణాల్లో మదింపు చేయడం, రేటింగ్ ఇవ్వడం, ఆ బడికంటూ ఒక అభివృద్ధి ప్రణాళిక రాయడం అందులో భాగం. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ దీన్ని శాస్త్రీయంగా పరీక్షించారు. మదింపులు దాదాపు అన్నిచోట్లా పూర్తయ్యాయి. రేటింగులు కూడా నమ్మదగినవే. కానీ బడి నడిచే తీరులో గానీ పిల్లల చదువులో గానీ మార్పేమీ రాలేదు. అయినా అది విజయవంతమైన కార్యక్రమంగానే పేరు తెచ్చుకుని, దేశంలో 6 లక్షలకు పైగా బడులకు విస్తరించింది.

మన హెచ్‌ఎంలకు ఈ కథ కొత్తగా అనిపించదు. ప్రణాళిక రాయడం, అప్‌లోడ్ చేయడం, స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టడంతో పని పూర్తయినట్టే లెక్క. ఆ ప్రణాళిక గురించి మళ్లీ అడిగేవాళ్లుండరు, అమలుకు సాయం చేసేవాళ్లూ ఉండరు. ఫారం నింపడాన్ని నాయకత్వంగా లెక్కేసినంతకాలం తూతూమంత్రమే మిగులుతుంది.

వంద శాతం వెనక

హైస్కూల్ హెచ్‌ఎం పేరు నిలబడేదీ, పడిపోయేదీ పదో తరగతి ఫలితాల రోజున. జిల్లా సమీక్షలో కలెక్టర్ ముందు లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందన్న బెంగతో జనవరి నుంచి మార్చి దాకా హెచ్‌ఎంలకు కంటి మీద కునుకుండదు. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్పెషల్ క్లాసు, రాత్రి పిల్లల ఇళ్లకు ఫోన్లు. ఆ కష్టంలో నిజాయతీ ఉంది. కూలి పనికి వెళ్లే తల్లికి తన బిడ్డ పది పాసవడం చిన్న విషయం కాదు.

ఇబ్బందల్లా బడి మొత్తం పదో తరగతి చుట్టూ తిరగడంతోనే. అనుభవమున్న టీచర్లందరినీ అక్కడే మోహరిస్తే ఆరో తరగతి గతేమిటి? పై తరగతులకు వచ్చినా చిన్న పేరా చదవలేని పిల్లలు, భాగహారం రాని పిల్లలు ఎందరున్నారో అసర్ సర్వేలు ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. ఆ పిల్లలు ఆరో తరగతిలో దొరికినప్పుడే పట్టుకుంటే పదో తరగతిలో రాత్రి ఫోన్ల అవసరం తగ్గుతుంది. ముందుచూపున్న హెచ్‌ఎంలు జూన్‌లోనే ఆరో తరగతి పిల్లల చేత ఒక్కొక్కరి చేతా చదివించి, వెనకబడినవాళ్లకు రోజూ ఒక పీరియడ్ కేటాయించి, తమ బడిలో అందరికంటే ఓపికున్న టీచరును ఆ గదికి పంపుతారు. దాని ఫలితం నాలుగైదేళ్లకు గానీ రాదు, ఈలోగా ఆ హెచ్‌ఎంకు బదిలీ కావచ్చు. తన పేరు చెప్పుకోలేని ఫలితం కోసం పనిచేసేవాళ్లు వాళ్లు. వ్యవస్థ గుర్తించి నిలబెట్టాల్సింది వాళ్లనే.

ఊరికి తలలో నాలుక

కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లోనే, 1874లో అక్కడ బాలికల పాఠశాల ప్రారంభించారు. బడి గోడల అవతల చదువుకు నోచుకోనివారి బాధ్యత కూడా తనదేననుకునే హెడ్మాస్టర్ల సంప్రదాయం మనకు అప్పటి నుంచీ ఉంది.

ఇప్పుడు ఆ బాధ్యత వేరే రూపాల్లో ఎదురవుతోంది. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం ప్రాంతాల నుంచి పత్తి, మిరప పనులకు కుటుంబాలు గుంటూరు వైపు వలస వెళ్లే కాలంలో తరగతి గదులు ఖాళీ అవుతాయి. మూటాముల్లె సర్దుకున్నాక వెళ్లి బతిమాలితే ఏ తల్లీ వినదు. దసరాకు ముందే ఏ ఇల్లు కదలబోతోందో కనుక్కుని, అవ్వాతాతల దగ్గరో సీజనల్ హాస్టల్‌లోనో పిల్లను ఉంచేలా మాట్లాడాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి వారం రోజులు రాకపోతే అది జ్వరమో, పెళ్లి మాటలో తెలుసుకోవాలి. ఇవి హాజరు యాప్ చెప్పే సంగతులు కావు. ఊళ్లో అంగన్‌వాడీ ఆయమ్మ, ఆశా కార్యకర్త, మహిళా సంఘం లీడర్ హెచ్‌ఎంతో మనసు విప్పి మాట్లాడితేనే తెలుస్తాయి.

తెలంగాణలో 2024లో ఏర్పాటైన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు నాయకత్వం వహిస్తే, హెచ్‌ఎం సభ్య కన్వీనర్. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజు తల్లిదండ్రులు-ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిపారు. తలుపు తెరుచుకుంది. ఇక ఆ తల్లులను సంతకానికి మాత్రమే పిలుస్తారా, పిల్లల నోట్‌బుక్ చేతికిచ్చి మాట్లాడతారా అన్నది ఆ బడి హెచ్‌ఎం తీరును బట్టే ఉంటుంది.

ఈ విషయంలో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల స్పెషల్ ఆఫీసర్లను మరిచిపోకూడదు. 2004లో మొదలైన ఈ పథకం కింద రెండు రాష్ట్రాల్లోనూ కలిపి 800కు పైగా విద్యాలయాలు నడుస్తున్నాయి. అనాథ పిల్లలు, బడి మానేసిన పిల్లలు, వలస కూలీల పిల్లలు అక్కడికొస్తారు. పాఠం, వంట, జ్వరం, రాత్రి కాపలా అన్నీ ఆ స్పెషల్ ఆఫీసర్ చూసుకోవాలి. ఇంత బాధ్యత మోసేది కాంట్రాక్టు ఉద్యోగంలో. ఇరవై నాలుగ్గంటల నాయకత్వం కోరే వ్యవస్థ వాళ్లకు ఉద్యోగ భద్రత ఇవ్వకపోవడం అన్యాయం.

హెచ్‌ఎంను తయారు చేసేదెవరు?

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలోనే లక్ష్మణస్వామి ముదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యా కమిషన్ (1952-53), బడి పనితీరు చివరికి హెడ్మాస్టరు మీదే ఆధారపడుతుందని గుర్తించింది. కొఠారీ కమిషన్ (1964-66) ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న ప్రాథమిక బడులను కలిపి స్కూల్ కాంప్లెక్సులుగా చేయాలంది. అంటే హైస్కూల్ హెచ్‌ఎంను ఆ ప్రాంతం మొత్తానికీ విద్యా మార్గదర్శిగా ఊహించింది.

ఆచరణ వేరేగా ఉంది. స్కూల్ అసిస్టెంటు సీనియారిటీ మీద గెజిటెడ్ హెచ్‌ఎం అవుతారు. అందుకు రాయాల్సిన డిపార్ట్‌మెంటల్ పరీక్షలు గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్ట్, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్ట్. వాటిలో ఉండేవి నిబంధనలు, ఖాతాలు. అవి తెలియాలి, కాదనలేం. హెచ్‌ఎం డ్రాయింగ్ అధికారి కూడా. జీతాల బిల్లు, ఇంక్రిమెంట్లు, సర్వీసు రిజిస్టర్లలో తప్పు జరిగితే టీచర్ల కడుపు కొట్టినట్టే. కానీ ఒక క్లాసును ఎలా పరిశీలించాలి, అలిగిన సహచరుడితో ఎలా మాట్లాడాలి, నిన్నటిదాకా తోటివారిగా టీ తాగినవాళ్లకు ఇవాళ పెద్దగా ఎలా ఉండాలి అన్నవి ఏ పరీక్షలోనూ లేవు. జాతీయ స్థాయిలో విద్యా ప్రణాళిక, పాలన సంస్థ (నీపా) ఆధ్వర్యంలో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం 2012లో ఏర్పడి మంచి పాఠ్యప్రణాళికే తయారు చేసింది. దాన్ని కుర్చీ ఎక్కేలోపే అందుకునే హెచ్‌ఎంలు ఎందరు?

సర్వీసు రూల్స్ వివాదాలతో పదోన్నతులు ఏళ్లతరబడి నిలిచిపోయిన కాలంలో ఎన్నో బడులు ఇన్‌ఛార్జ్‌లతో నడిచాయి. ఇన్‌ఛార్జ్ మాటకు చెల్లుబాటు తక్కువ, పనికి కొదవ ఉండదు. చాలామందికి పదోన్నతి సర్వీసు చివర్లో గానీ అందదు. అందాక అయిదేళ్లు దాటితే తప్పనిసరి బదిలీ. కొందరికి సొంత బడితోపాటు మండల విద్యాధికారి బాధ్యతలు కూడా అంటగడతారు. చేతిలో ఉండే డబ్బు సంగతి చూస్తే, సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 100 దాటి 250 లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 50 వేల రూపాయల గ్రాంటు. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి పెట్టాలి. సుద్దముక్కల నుంచి మరమ్మతుల దాకా మిగిలినవన్నీ మిగతాదాంట్లోనే.

ఇలాంటి పరిస్థితిలో ఆఫీసు గదికే అతుక్కుపోయిన హెచ్‌ఎంను ఒక్కరినే నిందిస్తే న్యాయం కాదు. ఆ గదికి వాళ్లను కట్టేసినవాళ్లం మనమే.

ఇక చేయాల్సింది

పెద్ద ఖర్చు అక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి ఉన్నత పాఠశాలకూ బిల్లులు, యాప్‌లు చూసుకునే ఒక గుమస్తాను ఇవ్వాలి. ఖాళీగా ఉన్న జూనియర్ అసిస్టెంటు పోస్టులు నింపితే హెచ్‌ఎంకు రోజుకు కొన్ని గంటలు మిగులుతాయి. పదోన్నతి ఉత్తర్వు చేతికిచ్చే ముందే, పేరున్న హెచ్‌ఎం పక్కన కొంతకాలం పనిచేయించాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదవడం మానేసి, ఒక నిజమైన క్లాసు చూసి దాని మీద మాట్లాడుకోవాలి. సమీక్షలో ఉత్తీర్ణత శాతంతోపాటు, ఈ నెల ఎన్ని క్లాసుల్లో కూర్చున్నారు, ఏ టీచరుకు ఏ సాయం చేశారు, ఆరో తరగతిలో ఎంతమందికి చదవడం వచ్చింది అని అడగాలి. పదో తరగతి శాతం ఒక్కటే అడిగితే హెచ్‌ఎంలు అదొక్కటే చూపిస్తారు.

తల్లిదండ్రులూ ఒక పని చేయొచ్చు. బడికి వెళ్లినప్పుడు ఫస్టు ఎవరొచ్చారన్న ప్రశ్న పక్కనపెట్టి, ‘మేడం, మా అబ్బాయి ఈ నెల ఎక్కడ తప్పులు చేస్తున్నాడు?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే క్లాసు టీచరు నోట్‌బుక్ తెరవాలి, హెచ్‌ఎం క్లాసుకు వెళ్లాలి.

హెచ్‌ఎంలకు ఒక మాట. ఆదేశాలు ఆగవు, యాప్‌లు తగ్గవు, బిల్లుల మీద అభ్యంతరాలు వస్తూనే ఉంటాయి. అవన్నీ తీరాక క్లాసుకు వెళదామనుకుంటే రిటైర్మెంట్ వస్తుంది. రోజుకు ఒక్క పీరియడ్ ఫైళ్లను అలాగే వదిలి, వెనక బెంచీలో కూర్చోండి. మీరొచ్చింది టీచరుగానే. పదోన్నతి మీ చేతికి ఇంకా ఎక్కువమంది పిల్లలను అప్పగించింది. వాళ్లకు చదువు రావడమే మీ పదవికి అర్థం. మీకు ఆ ఒక్క పీరియడ్ మిగిల్చే బాధ్యత ప్రభుత్వానిది. మిగిల్చేదాకా అడిగే బాధ్యత మా అందరిదీ.